రాతిదారి టైర్లు: మెత్తని రబ్బరు మిశ్రమాల ఎంపిక, మార్పులు

రాక్ క్రాలింగ్ అంటే బండరాళ్లు, వాగు గర్భాలు, విరిగిపడ్డ కొండచరియల మీదుగా ఫోర్‌వీల్ వాహనాన్ని మనిషి నడక వేగంతో, వీలైతే అంతకంటే నెమ్మదిగా, చక్రం జారకుండా ఎక్కించి దించడం. ఇంజను ఎంత బలమైనదైనా ఆ బలం రాతికి అందేది టైరు ద్వారానే. అందుకే ఈ పనికి వేరే టైర్లు పుట్టాయి. వాటిలో మెత్తని మిశ్రమంతో చేసినవి ఒక తెగ. రోడ్డు టైరు కంటే వీటి ట్రెడ్ (నేలను తాకే పై పొర) రబ్బరు మెత్తగా, కొద్దిగా అంటుకునే గుణంతో ఉంటుంది. వట్టి పాదం బండను పట్టినట్టు రాతి గరుకులోకి ఒదిగి పట్టు ఇస్తుంది, బదులుగా త్వరగా అరిగిపోతుంది. ఆ మిశ్రమాల స్వభావం, టైర్ల రకాలు, ఎంపిక, వాడేవాళ్లు చేసే మార్పులు ఈ వ్యాసంలో ఉన్నాయి. ఉదాహరణలు వీలైనంతవరకు అనకాపల్లి జిల్లావి, దానికి ఎగువనున్న తూర్పు కనుమలవి.

చరిత్ర

రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు జిగురవకుండా, చలికి పెళుసవకుండా నిలుస్తుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. ఇదే వల్కనీకరణ. 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 20వ శతాబ్దం తొలి దశకాల్లో రబ్బరులో కార్బన్ బ్లాక్ అనే మసి కలపడం మొదలయ్యాక టైరు నల్లబడింది, దాని ఆయుష్షు కొన్ని రెట్లు పెరిగింది. 1930లలో కృత్రిమ రబ్బరు, 1946లో మిషెలిన్ రేడియల్ (చూ. రకాలు) పేటెంటు వచ్చాయి. నేటి టైరుకు పునాది ఇంతే.

రాతిదారి వాహనాల కథ 1941 నాటి విల్లిస్ జీపుతో మొదలవుతుంది. 6.00-16 కొలత, ముందుకూ వెనక్కూ ఒకేలా పట్టే దిమ్మల ట్రెడ్ దాని గుర్తులు. 1945లో మొదలైన మహీంద్రా సంస్థ 1947 నుంచి బొంబాయిలో ఈ జీపులను కూర్చసాగింది. ఏజెన్సీ దారుల్లో తరాల తరబడి తిరిగిన జీపులకు మూలం అదే. ఆ 6.00-16 కొలత నైలాన్ టైర్లు (చూ. రకాలు) మన మార్కెట్లో ఇప్పటికీ దొరుకుతాయి.

బండల మీద నడపడం వినోదంగా మారింది అమెరికాలో. కాలిఫోర్నియాలోని రూబికాన్ దారిలో జీప్ జాంబోరీ 1953లో, యూటాలోని మోయబ్‌లో ఈస్టర్ జీప్ సఫారీ 1967లో మొదలయ్యాయి. 1990ల చివరికి పాయింట్లు లెక్కించే పోటీలు వచ్చాయి. 2007లో కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీలో కింగ్ ఆఫ్ ది హామర్స్ రేసు మొదలైంది. మిశ్రమాల చరిత్ర మలుపు తిరిగింది ఈ పోటీల దగ్గరే. అప్పటిదాకా బురద టైరునే రాతికీ వాడేవాళ్లు. పోటీలు వచ్చాక బీఎఫ్‌గుడ్రిచ్ క్రాలర్, మాక్సిస్ క్రీపీ క్రాలర్ వంటివి రాతి కోసమే తయారయ్యాయి. వాటిలో కొన్నింటికి రోడ్డుకు పనికిరానంత మెత్తని పోటీ రూపాలు కూడా వచ్చాయి. మలేసియాలో 1997లో మొదలైన రెయిన్‌ఫారెస్ట్ చాలెంజ్‌కు భారత రూపం 2014లో గోవాలో మొదలైంది. అయితే అది వానాకాలపు బురద, వాగులు ప్రధానంగా గల పోటీ. అందుకే మన దేశంలో ఆఫ్‌రోడ్ అనగానే దిమ్మల మధ్య పెద్ద సందులున్న బురద టైరే గుర్తుకొస్తుంది. మెత్తని రాతి టైరుకు ఇక్కడ ఇంకా చోటు తక్కువే.

అనకాపల్లి ప్రాంతం: రాయి, దారి, టైర్ల పరిశ్రమ

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో పూర్వపు విశాఖపట్నం జిల్లా నుంచి అనకాపల్లి జిల్లా ఏర్పడింది. కొండ మండలాలు అదే రోజు పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. కాబట్టి టైరు తయారయ్యే మైదానం ఒక జిల్లాలో, దాన్ని పరీక్షించే రాయి ఎక్కువగా పక్క జిల్లాలో ఉన్నాయి.

ఆ ఏడాదే ఆగస్టు 16న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో ఏటీసీ టైర్స్ కర్మాగారం ప్రారంభమైంది. తమిళనాడులోని గంగైకొండాన్, గుజరాత్‌లోని దహేజ్ తర్వాత ఈ సంస్థకు భారత్‌లో ఇది మూడో కర్మాగారం. ఏటీసీ మాతృసంస్థ, ఇజ్రాయెల్ మూలాలున్న అలయన్స్ టైర్ గ్రూపును జపాన్‌కు చెందిన యోకోహామా రబ్బర్ 2016లో కొన్నది. అలయన్స్, గెలాక్సీ, ప్రైమెక్స్ అనే పేర్లతో వ్యవసాయ, అటవీ, నిర్మాణ, పారిశ్రామిక వాహనాల టైర్లు చేయడం ఈ సంస్థ పని. రాష్ట్రంలో తిరుపతి జిల్లా చిన్నపండూరులో అపోలో, తెలంగాణలో సదాశివపేట దగ్గర ఎంఆర్ఎఫ్ కర్మాగారాలు ఉన్నాయి.

అచ్యుతాపురం టైరూ రాళ్ల మీద తిరిగేదే. కానీ దాని మిశ్రమ సూత్రం రాక్ క్రాలింగ్‌కు సరిగ్గా ఎదురు దిశలో ఉంటుంది. క్వారీలో లోడరు టైరు రోజంతా పదునైన కంకర మీద టన్నుల బరువు మోయాలి. దానికి కావలసింది కోతనూ పెచ్చు ఊడటాన్నీ తట్టుకోవడం. అందుకే సహజ రబ్బరు వాటా ఎక్కువగా ఉండి, చినుగుకు లొంగని గట్టి ట్రెడ్ వేస్తారు. క్రాలింగ్ వాహనం రోజుకు కొన్ని కిలోమీటర్లే కదులుతుంది, దానికి ఆయుష్షు కంటే ఆ క్షణపు పట్టు ముఖ్యం. రాతి మీద పనిచేసే ప్రతి టైరూ మెత్తగా ఉండాలన్న అభిప్రాయం సరికాదనడానికి ఈ రెండింటి తేడాయే రుజువు.

ఇక్కడి రాయి ప్రధానంగా రెండు జాతులది. ఖోండలైటు ఒకటి. 1902లో టి.ఎల్. వాకర్ ఖోండు తెగ పేరు మీద దీనికి పేరు పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్ గల ఈ రాయి వాతావరణానికి త్వరగా శిథిలమై ఎర్రగా, పొడిపొడిగా మారుతుంది. రెండోది చార్నొకైటు. ఇది నల్లగా, గట్టిగా ఉంటుంది. టైరు ఎంపికకు ఈ తేడా ముఖ్యం. గట్టి చార్నొకైటు బండ పొడిగా, శుభ్రంగా ఉంటే మెత్తని రబ్బరుకు పూర్తి ప్రయోజనం దక్కుతుంది. శిథిల ఖోండలైటు మీద రబ్బరు అంటుకునేది రాతికి కాదు, రాతి మీది వదులు రేణువులకు. ఆ పొర జారితే టైరూ దానితోపాటే జారుతుంది. అలాంటి చోట మిశ్రమం కంటే దిమ్మల అంచులు, గాలి పీడనం ఎక్కువ పనిచేస్తాయి. వానాకాలంలో నాచు పట్టిన వాగు రాళ్ల మీద కూడా ఇదే పరిస్థితి.

బొర్రా గుహల దగ్గరి కటికి జలపాతానికి, పాడేరు దగ్గరి వంజంగి కొండకు పర్యాటకులను తీసుకెళ్లే జీపుల దారులు ఈ ప్రాంతంలో రాక్ క్రాలింగ్‌కు దగ్గరి నిత్య ఉదాహరణలు. ఈ కిరాయి జీపులకు పోటీ టైర్లు ఉండవు. మొదటి గేరు, దారి తెలిసిన డ్రైవరు, చీలికకు లొంగని నైలాన్ టైరు వాటి సరంజామా. రోజూ అదే దారిలో బరువు మోసే వాహనానికి ఆ ఎంపికే సబబు.

మిశ్రమం: పట్టు ఎలా పుడుతుంది

ట్రెడ్ రబ్బరులో సహజ రబ్బరు, స్టైరీన్-బ్యుటాడైయీన్ రబ్బరు, పాలీబ్యుటాడైయీన్ అనే మూడు ప్రధాన రబ్బర్లు వేర్వేరు పాళ్లలో ఉంటాయి. వీటికి బలం కోసం కార్బన్ బ్లాక్ లేదా సిలికా, మెత్తదనం కోసం నూనెలు, అంటుకునే గుణానికి రెసిన్లు, వల్కనీకరణకు గంధకం, దాన్ని వేగిరపరిచే రసాయనాలు, ఓజోన్ నుంచి కాపాడే పదార్థాలు చేరుస్తారు. మెత్తని మిశ్రమం చేయడమంటే నూనె, రెసిన్ పెంచి, అణు గొలుసుల మధ్య గంధకపు ముడులను తగ్గించి, శక్తిని ఎక్కువగా పీల్చుకునే రబ్బరును ఎంచుకోవడం.

రబ్బరుకు పట్టు మూడు విధాలుగా వస్తుంది. మొదటిది అంటుకోవడం: రబ్బరు ఉపరితలం రాతిని అణువుల స్థాయిలో తాకి పట్టుకుంటుంది. దీనికి శుభ్రమైన, పొడి రాయి కావాలి. రెండోది హిస్టెరిసిస్: రాతి గరుకు మీద రబ్బరు నొక్కుకుని, తిరిగి లేచేటప్పుడు తీసుకున్న శక్తినంతా వెనక్కి ఇవ్వదు. ఆ నష్టమే జారుడును అడ్డుకుంటుంది, ఆ నష్టమే వేడిగానూ మారుతుంది. మూడోది దిమ్మ అంచు రాతి పగులులోనో గట్టు మీదనో చిక్కుకుని పట్టడం. మెత్తని మిశ్రమం మొదటి రెండింటినీ పెంచుతుంది. మూడోదాన్ని కొంత తగ్గించవచ్చు, ఎందుకంటే దిమ్మ మరీ మెత్తనైతే అంచు నిలబడక వంగిపోతుంది.

హిస్టెరిసిస్ వల్లే మెత్తని టైరు హైవే మీద చేటు చేస్తుంది. అనకాపల్లి నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ ఎక్కే వాహనానికి బండల కంటే తారు రోడ్డే ఎక్కువ. వేసవిలో ఆ తారు మీద మెత్తని దిమ్మలు వేడెక్కి, అంచులు ఈకల్లా రేగి, కొండ చేరేలోపే గణనీయంగా అరుగుతాయి. డీజిలు ఖర్చు పెరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు వాహనం ఊగుతుంది. పోటీ వాహనాలను ట్రక్కు మీదనో ట్రైలరు మీదనో తీసుకొచ్చేది ఇందుకే.

గట్టిదనం కొలత

రబ్బరు గట్టిదనాన్ని డ్యూరోమీటరుతో కొలుస్తారు. టైర్లకు షోర్ ఎ అనే కొలమానం వాడతారు. అందులో 0 అతి మెత్తన, 100 అతి గట్టి. సాధారణ రోడ్డు టైరు ట్రెడ్ సుమారు 60 నుంచి 70 మధ్య, పోటీ రాతి టైర్లు సుమారు 40 నుంచి 50 మధ్య ఉంటాయి. పరికరం అరచేతిలో పట్టే గుండ్రని మీటరు, అడుగున చిన్న మొన. దిమ్మ నడినెత్తిన, అంచుకు దూరంగా మొనను నిలువుగా నొక్కితే ముల్లు ఒక అంకెకు వెళ్లి, మెల్లగా వెనక్కి జారుతుంది. ప్రతిసారీ ఒకే వ్యవధి తర్వాత చదవాలి. లేకపోతే రెండు టైర్ల పోలిక పనికిరాదు.

ఉష్ణోగ్రత మరీ ముఖ్యం. ప్రామాణిక కొలత సుమారు 23 డిగ్రీల దగ్గర. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన వాహనం టైరు అసలు కంటే మెత్తగా ఉన్నట్టు చూపుతుంది. తెల్లవారుజామున లంబసింగి చలిలో అదే టైరు గట్టిగా ఉన్నట్టు చూపుతుంది. కొలిచేటప్పుడు టైర్లన్నీ ఒకే నీడలో కొన్ని గంటలు ఉండాలి. ఇంకో మాట, అంకె ఒక్కటే పట్టును చెప్పదు. ఒకే గట్టిదనం గల రెండు మిశ్రమాల్లో ఒకటి శక్తిని ఎక్కువ పీల్చుకోవచ్చు, రెండోది బంతిలా తిరిగి ఎగరవచ్చు. రాతి మీద మొదటిదే మేలు.

రకాలు

వాడుకను బట్టి రాతిదారి టైర్లు స్థూలంగా మూడు. ఆల్-టెర్రెయిన్ టైర్లకు దిమ్మలు దగ్గరగా, మిశ్రమం మధ్యస్థంగా ఉంటుంది. రోడ్డూ కొండదారీ కలిసిన వాడకానికి ఇవి. మడ్-టెర్రెయిన్ టైర్లకు దిమ్మలు పెద్దవి, సందులు వెడల్పు, పక్కగోడ మీదకు కూడా దిమ్మలు పాకి ఉంటాయి. రోడ్డు అనుమతి గల టైర్లలో రాతికి ఎక్కువ మంది వాడేవి ఇవే. మూడోది పోటీ టైరు. రూపం మడ్-టెర్రెయిన్‌దే, మిశ్రమం మాత్రం బాగా మెత్తన. చాలా దేశాల్లో దీనికి రోడ్డు అనుమతి ఉండదు.

నిర్మాణంలో రెండు పద్ధతులు. నైలాన్ అని మన డ్రైవర్లు పిలిచే బయాస్ టైరులో పొరలు ఏటవాలుగా ఒకదానిపై ఒకటి దాటుతాయి. పక్కగోడ మందంగా, చీలికకు మొండిగా ఉంటుంది కాని త్వరగా వంగదు. రేడియల్‌లో పొరలు అడ్డంగా ఉండి, ట్రెడ్ కింద ఉక్కు పట్టీలు ఉంటాయి. గాలి తగ్గించినప్పుడు పక్కగోడ బాగా పొంగి, ట్రెడ్ రాతి ఆకారానికి ఒదుగుతుంది. నేటి రాతి టైర్లలో ఎక్కువ రేడియల్సే.

ఎంపిక

కొనేవాళ్లు మొదట చూసేది మిశ్రమం. నిజానికి దానికి ముందు చూడవలసినవి రెండున్నాయి: వాహనం బరువు, పక్కగోడ గట్టిదనం. భారం మోసే స్థాయిని సి, డి, ఇ అక్షరాలతో సూచిస్తారు, ఇవి వరుసగా 6, 8, 10 పొరల బలానికి సమానం. 1,200 కిలోల దగ్గరి మారుతీ జిమ్నీకి ఇ స్థాయి టైరు వేస్తే పక్కగోడ అసలు వంగదు. ఎంత మెత్తని ట్రెడ్ ఉన్నా రాతిని తాకే భాగం చిన్నదిగానే మిగులుతుంది. తేలిక వాహనానికి సి స్థాయి, లేదా కంపెనీ ఇచ్చే మామూలు కార్ల స్థాయి టైరే మెరుగైన పట్టు ఇస్తుంది. బరువైన వాహనం పదునైన రాళ్ల మీద తిరిగితే ఎగువ స్థాయి కావాలి.

కొలతల విషయానికొస్తే, జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, 2020 మహీంద్రా థార్‌కు 255/65 ఆర్18 లేదా 245/75 ఆర్16. థార్ 18 అంగుళాల టైరు మొత్తం వ్యాసం సుమారు 789 మిల్లీమీటర్లు, 16 అంగుళాలది సుమారు 774. రోడ్డు మీద మొదటిది అందంగా కనిపిస్తుంది. రాతికి రెండోది మేలు, ఎందుకంటే రిమ్ము చిన్నదైతే పక్కగోడ ఎత్తు పెరిగి, గాలి తగ్గించినప్పుడు రిమ్ము రాతికి కొట్టుకోదు. టైరు వ్యాసం 50 మిల్లీమీటర్లు పెంచితే ఇరుసు కింద ఎత్తు పెరిగేది అందులో సగం, 25 మిల్లీమీటర్లే. గేరు నిష్పత్తి మాత్రం ఎత్తబడి, నెమ్మదిగా పాకే శక్తి తగ్గుతుంది.

మిశ్రమం మాట చివర్న. వాహనం రోడ్డు మీదే కొండకు వెళ్లి రావాలంటే మడ్-టెర్రెయిన్ తరగతి మిశ్రమాన్ని మించి మెత్తదనానికి వెళ్లడంలో లాభం లేదు. 2020 జూన్‌లో కేంద్రం చాలా రకాల టైర్ల దిగుమతిని పరిమిత జాబితాలో చేర్చాక విదేశీ పోటీ టైర్లు దొరకడమూ కష్టమైంది. పక్కగోడ మీది నాలుగంకెల తయారీ గుర్తు చూడకుండా కొనకూడదు: 2324 అంటే 2024లో 23వ వారం. మెత్తని మిశ్రమానికి వయసు ముఖ్యం (చూ. నిల్వ, వృద్ధాప్యం).

గాలి పీడనం

డబ్బు ఖర్చు లేకుండా టైరును మెత్తబరిచే మార్గం గాలి తీయడం. పట్టును ఎక్కువగా మార్చేదీ అదే. చదరపు అంగుళానికి పౌండ్లలో కొలిచే పీడనాన్ని మనవాళ్లు పాయింట్లు అంటారు. 1,800 కిలోల జీపులో చక్రానికి 450 కిలోల బరువు పడుతుందనుకుందాం. 32 పాయింట్లు అంటే చదరపు సెంటీమీటరుకు 2.25 కిలోలు. ఆ లెక్కన టైరు నేలను తాకే వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. 16 పాయింట్లకు దింపితే లెక్క ప్రకారం అది 400 అవుతుంది. పక్కగోడ కూడా కొంత బరువు మోస్తుంది కనుక నిజంగా అంత పెరగదు, అయినా తేడా కంటికి కనిపిస్తుంది. టైరు వెడల్పుగా కంటే పొడవుగా విస్తరిస్తుంది. ఆ పొడవులో ఎక్కువ దిమ్మలు రాతి అంచును చుట్టి పట్టుకుంటాయి.

మామూలు రిమ్ముల మీద రాతిదారికి 15 నుంచి 20 పాయింట్లు వాడుకలో ఉన్న పరిధి. అంతకంటే కిందికి దిగితే పక్కకు మలుపు తిప్పినప్పుడు బీడింగ్ (రిమ్ములో కూర్చునే టైరు అంచు) రిమ్ము నుంచి ఊడే ప్రమాదం ఉంటుంది. బీడ్‌లాక్ రిమ్ములతో (చూ. మార్పులు) 10 కంటే కిందికి కూడా దిగుతారు. ట్యూబు టైర్లలో మరో చిక్కు ఉంది: గాలి తక్కువైతే టైరు రిమ్ము మీద జరిగి, ట్యూబు వాల్వు మొదలు దగ్గర చినుగుతుంది.

మార్పులు

టైరు మీద చేసే మార్పుల్లో పాతది సైపింగ్, అంటే దిమ్మ మీద సన్నని కోతలు పెట్టడం. 1920లలో జాన్ సైప్ చెప్పుల అడుగున ఇలాంటి కోతలకు పేటెంటు తీసుకున్నాడు, పేరు అక్కడి నుంచే వచ్చింది. వేడి బ్లేడుతో దిమ్మ మీద, చక్రం దొర్లే దిశకు అడ్డంగా, ఒక మిల్లీమీటరు లోపు వెడల్పుతో కోస్తారు. ఒక పెద్ద దిమ్మ రెండు మూడు చిన్న నాలుకలుగా విడిపోతుంది, ప్రతి నాలుకకూ ఒక అంచు వస్తుంది. తడి బండ మీద ఇది బాగా పనిచేస్తుంది. కోత లోతు దిమ్మ ఎత్తులో మూడింట రెండు వంతులు దాటితే పదును రాళ్ల మీద నాలుకలు పెచ్చులుగా ఊడతాయి. అప్పటికే మెత్తగా ఉన్న మిశ్రమానికి సైపింగ్ అవసరం తక్కువ. గట్టి మిశ్రమం గల పాత టైరుకు ఉపయోగం ఎక్కువ.

గ్రూవింగ్ వేరు. ఇందులో దిమ్మల మధ్య కొత్త కాలువలు తవ్వుతారు, లేదా పక్క దిమ్మలను ఒకటి విడిచి ఒకటి కోసి సందులు పెంచుతారు. కోతలో అడుగున ఉక్కు పట్టీల మీది రబ్బరు పొరను తాకకూడదు. తాకితే నీరు చేరి ఉక్కు తుప్పుపడుతుంది, పొరలు విడిపోతాయి. రోడ్డు మీద తిరిగే వాహనానికి, తిరిగి గ్రూవ్ చేయవచ్చని పక్కగోడ మీద ముద్ర ఉన్న టైరును తప్ప మరోదాన్ని ఇలా కోయకూడదు. ఆ ముద్ర ఉండేది సాధారణంగా లారీ, బస్సు టైర్ల మీదే.

బీడ్‌లాక్ రిమ్ములో టైరు బయటి బీడింగ్‌ను రిమ్ముకూ ఒక ఉక్కు వలయానికీ మధ్య పెట్టి బోల్టులతో బిగిస్తారు. బోల్టులను ఎదురెదురుగా, విడతలుగా, ఒకే బిగువుకు బిగించాలి. కొన్ని కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. ఒక బోల్టు వదులైనా చక్రం సమతూకం పోతుంది. వీటిలో చాలావరకు రోడ్డు కోసం కాక రోడ్డు బయటి వాడకానికే తయారవుతాయి.

టైరులో నీళ్లు నింపి బరువు పెంచడం మన ట్రాక్టరు రైతులకు తెలిసిన పనే. క్రాలింగ్‌లో నిటారు గట్టు ఎక్కేటప్పుడు వాహనం వెనక్కి పడకుండా ముందు చక్రాలకు ఈ పద్ధతి వాడతారు. నెమ్మది వేగానికి తప్ప ఇది పనికిరాదు. రీట్రెడింగ్ ద్వారా మెత్తని ట్రెడ్ వేయించడం సాధ్యమే అనిపిస్తుంది, కానీ మన రీట్రెడింగ్ షాపులు వాడేవి లారీల కోసం, ఎక్కువ కిలోమీటర్లు రావడానికి చేసిన గట్టి ట్రెడ్లు. రాతికి వాటి వల్ల ప్రయోజనం లేదు.

రసాయనాలు పూసి టైరును మెత్తబరిచే అలవాటు కార్టు, మట్టి ట్రాకుల రేసింగ్ నుంచి వచ్చింది. ద్రావకం రబ్బరులోకి ఇంకి ఉపరితలాన్ని ఉబ్బిస్తుంది, కొన్ని రోజులు అంటుకునే గుణం వస్తుంది, తర్వాత మొదటికంటే గట్టిపడుతుంది. చాలా పోటీల్లో ఇది నిషిద్ధం. ఆ ఆవిర్లు ఊపిరితిత్తులకు హాని. డీజిలు, కిరోసిన్ రుద్దడం ఇంకా నష్టం. అవి ట్రెడ్‌తో ఆగక లోపలి పొరల బంధాన్ని కూడా సడలిస్తాయి.

రిమోట్ బొమ్మ క్రాలర్లు

పదో వంతు కొలతలో ఉండే రిమోట్ కంట్రోల్ క్రాలర్లకు ఇవే సూత్రాలు చిన్న రూపంలో వర్తిస్తాయి. 1.9 అంగుళాల చక్రాలకు చేసే టైర్లలో గాలి ఉండదు, లోపల స్పాంజి ఉంటుంది. చక్రంలోనో టైరులోనో చిన్న రంధ్రం ఉండి గాలి బయటికి పోతుంది. మెత్తని బయటి స్పాంజి, గట్టి లోపలి స్పాంజి కలిపి వాడటం పక్కగోడ గట్టిదనాన్ని సర్దుకునే మార్గం. ప్రో-లైన్ వంటి సంస్థలు ఒకే ట్రెడ్‌ను వేర్వేరు మెత్తదనాల్లో అమ్ముతాయి. బొమ్మ బరువు కొద్ది కిలోలే కనుక చినుగు సమస్య తక్కువ, అందువల్ల పెద్ద వాహనానికి ఊహించలేనంత మెత్తని రబ్బరు ఇక్కడ చెల్లుతుంది. ముందు చక్రాల్లో చిన్న సీసపు బరువులు అతికించడం మామూలు.

చట్టం, భద్రత

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. ఫెండరు దాటి బయటికి పొడుచుకొచ్చే టైర్లు, కంపెనీ అనుమతించిన కొలతలను మించినవి తనిఖీలో, బీమా క్లెయిములో చిక్కు తెస్తాయి. కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం కార్ల ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. మెత్తని టైరు గుండైపోవడానికి ఎక్కువ కాలం పట్టదు కనుక లోతును తరచూ చూసుకోవాలి. దేశంలో అమ్మే వాయు టైర్లకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి.

అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ, లింగాలకొండ భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్న బౌద్ధ స్థలాలు. అక్కడి రాతి స్తూపాల దరిదాపుల్లో వాహనం ఎక్కించడం నేరం. తూర్పు కనుమల్లో చాలా దారులు రిజర్వు అడవుల గుండా పోతాయి, వాటికి అటవీ శాఖ అనుమతి కావాలి.

పర్యావరణం

అరిగిన రబ్బరు మాయం కాదు, రాతి మీదా వాగులోనూ రేణువులుగా మిగులుతుంది. టైర్లలో ఓజోన్ రక్షణకు వాడే 6పీపీడీ అనే పదార్థం ఓజోన్‌తో కలిసి ఏర్పరిచే సమ్మేళనం అమెరికా వాయవ్య ప్రాంతంలో కోహో సాల్మన్ చేపల మరణాలకు కారణమని 2020లో శాస్త్రవేత్తలు తేల్చారు. మెత్తని టైరు త్వరగా అరుగుతుంది కనుక ఈ సమస్యలో దాని వాటా కిలోమీటరుకు ఎక్కువ. వాగు గర్భంలో చక్రాన్ని ఊరికే తిప్పకపోవడం ఇటు టైరుకూ అటు నీటికీ మేలు.

నిల్వ, వృద్ధాప్యం

మెత్తని మిశ్రమంలోని నూనె కాలంతో బయటికి వస్తుంది, వేడి కొత్త ముడులు వేస్తుంది, ఓజోన్ ఉపరితలాన్ని బీటలు తీస్తుంది. వాడకపోయినా టైరు గట్టిపడటం ఆగదు. నీడలో, చల్లగా, కరెంటు మోటార్లకు దూరంగా ఉంచాలి, ఎందుకంటే మోటార్లలోని రవ్వలు ఓజోన్‌ను పుట్టిస్తాయి. నల్లని ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి ఉంచితే నూనె నష్టం తగ్గుతుంది. ఏడాదికోసారి ఒకే నీడలో డ్యూరోమీటరుతో కొలిచి అంకె రాసుకుంటే టైరు ఎప్పుడు పనికిరాకుండా పోయిందో తెలుస్తుంది.

చివరగా ప్రయాణపు జాగ్రత్త ఒకటి: కొండ మీద 15 పాయింట్లకు దింపిన టైర్లతో ఘాట్ రోడ్డు దిగకూడదు. గాలి తక్కువైన పక్కగోడ తారు మీద వేగానికి వేడెక్కి లోపలే చిట్లుతుంది. గాలి పంపు, పీడనం చూసే గేజీ, మంచి స్టెప్నీ లేకుండా రాతిదారికి బయలుదేరవద్దు.